దొరసానమ్మ చెయ్యి తగిలిన వస్తువులు

పొద్దున దొరసానమ్మ మెళ్ళో పూలదండ వేశారు. మధ్యాహ్నానికి ఆమె గేదె మెళ్ళో చీటీ కట్టారు. బతికుండగా వారసత్వ సంపద కావడం అంత సుఖమైన పని కాదని ఆమెకు తెలియడానికి ఆ ఒక్క పూట చాలింది.

ఏటిగడ్డలో కలంకారీ పని తాతల నాటిది. కలం పట్టి బట్ట మీద దేవుళ్ళను గీయడం మగవాళ్ళ వంతు. ఆ బట్టను ఉడకబెట్టి, మోకాళ్ళ లోతు ఏట్లోకి దిగి ఉతికి, ఇసకలో ఆరేసి, మళ్ళీ ఉతకడం ఆడవాళ్ళ వంతు. పేరు మగవాళ్ళకు వచ్చేది, నడుంనొప్పి ఆడవాళ్ళకు వచ్చేది. ఈ పంపకం మీద ఎవరూ తగువు పెట్టుకోలేదు.

దొరసానమ్మ పెళ్ళికాని పిల్లగా ఉన్నప్పుడు ఒకనాడు, తండ్రి అన్నానికి లేచిన సందు చూసి, ఆయన గీస్తున్న రావణుడికి పదకొండో తల పెట్టింది. ఆ తల అచ్చం ఊరి కరణంగారిది. తండ్రి ఆమె వీపు విమానం మోత మోగించాడు. బట్టలు కొనడానికి వచ్చిన పట్నం వ్యాపారి మాత్రం ఆ పదకొండు తలలవాడే కావాలని భీష్మించుకు కూర్చున్నాడు. అట్లా ఆ ఊళ్ళో మొదటిసారి ఒక ఆడదాని చేతికి కలం వచ్చింది. వచ్చిన కలం మళ్ళీ దించలేదు. బస్టాండులో బిడ్డకు పాలిచ్చే తల్లి, రేషన్ షాపు ముందు తోపులాట, పంచాయతీ మీటింగులో గుర్రుపెట్టే మెంబర్లు, అన్నీ బట్టకెక్కాయి. దేవుళ్ళను గీసే కలంతో ఈ దరిద్రమేమిటని ఊరు మొత్తుకుంది. పెద్ద పెద్ద నగరాల మ్యూజియాలు ఆ దరిద్రాన్నే తీసుకుపోయి అద్దాల వెనక పెట్టుకున్నాయి.

ఇంత గీసినా ఆమె గీయకుండా దాచుకున్న బొమ్మ ఒకటుంది. అది వాళ్ళమ్మ కాటమ్మది. కాటమ్మ జీవితమంతా ఏట్లో నిలబడి ఇంటి మగవాళ్ళ బట్టలు ఉతికింది. ఆమె పాదాలు ఎప్పుడు చూసినా నాని తెల్లగా ఉండేవి. ఆమె చేతుల మీదుగా పోయిన వందల బట్టల్లో ఏ ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. ఇప్పుడు దొరసానమ్మ కళ్ళలో పొర కమ్ముతోంది. చూపు పూర్తిగా మసకబారక ముందే అమ్మను గీసి పోవాలని పట్టు పట్టింది. నలుపు అయింది, ఎరుపు అయింది. పసుపు, నీలం మిగిలాయి. ఆ రెండూ వేయాలంటే ముందు బట్టను గేదెపాలలో ముంచి ఆరబెట్టాలి. పాల జిడ్డు లేకపోతే రంగు గీత దాటి పారుతుంది. కాటమ్మ చీర నీలం కాటమ్మ మొహంలోకి పోతుంది.

సరిగ్గా అప్పుడు రాష్ట్ర జీవకళా వారసత్వ పరిరక్షణ మండలివారు ఆమెను గుర్తించారు.

మండలికి ఒక నిబంధన ఉంది. వెనకెప్పుడో ఒక గొప్ప గాయకుడు పోతే, ఆయన తంబురాను అల్లుడు అమ్ముకున్నాడు. అప్పుడు మండలి మేలుకుని ఇట్లా రాసుకుంది: "వారసత్వమూర్తి తాకిన ప్రతి వస్తువును యథాతథముగా పరిరక్షించవలెను. దానిని కదల్చుట, మార్చుట, దాని నుండి ఏ భాగమునైనను వేరుచేయుట నిషిద్ధము." పోయినవాళ్ళ కోసం రాసిన మాటే. కానీ పోయి ఉండాలని అందులో ఎక్కడా లేదు. ఆ ఏడాది పోయినవాళ్ళలో గొప్పవాళ్ళు తగినంత మంది దొరక్క, మండలి బతికున్నవాళ్ళ మీద పడింది.

దండ వేసిన చేత్తోనే స్పెషల్ ఆఫీసరు ఉదయభాస్కర్ పని మొదలుపెట్టాడు. ఆయన వెంట చీటీల కట్టతో బత్తెయ్య అనే కాపలా మనిషి వచ్చాడు. కలాలకు చీటీ కట్టారు. బెల్లం, ఇనుపముక్కలు వేసి నలుపు రంగు పులియబెట్టే కసిమి కుండకు కట్టారు. దండెం మీద ఆరుతున్న కాటమ్మ బట్టకు కట్టారు. చివరికి పెరట్లోకి పోయి గేదెకు కట్టారు.

"ఎనుముకు యాలనయ్యా చీటీ?" అంది దొరసానమ్మ.

"అమ్మా, ఈ పశువు మీ సృజనాత్మక ప్రక్రియలో అవిభాజ్య అంతర్భాగం," అన్నాడు ఉదయభాస్కర్. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడగాలన్నా ఇట్లాగే మాట్లాడతాడని ఆయన డ్రైవరు చెప్పుకుంటాడు.

"అయితే కానీ. పాలు పిండుకునేది నేనే గదా."

"పాలు పిండుట అనగా వారసత్వ వస్తువు నుండి భాగమును వేరుచేయుట. అది కుదరదమ్మా."

"పిండకపోతే అది అరిచి సస్తాది నాయనా!"

ఉదయభాస్కర్ ఈ అంశాన్ని ఫోనులో పై అధికారులకు నివేదించాడు. వాళ్ళు తర్జనభర్జన పడి దారి చూపారు. దూడకు కూడా చీటీ కట్టండి, అప్పుడది తాగే పాలు రెండు వారసత్వ వస్తువుల మధ్య అంతర్గత బదిలీ అవుతుంది, దానికి అభ్యంతరం లేదు. దూడకు చీటీ కట్టారు. నెల తిరక్కుండానే ఆ దూడ ఊరి ఎడ్లను ఎగాదిగా చూసేటంత బలిసింది. పేడ మాత్రం గేదె తనంతట తానే వేరుచేస్తోంది కనుక గేదె మీద చర్య తీసుకోలేకపోయారు. ఆ పేడను ఎవరూ కదల్చకుండా కుప్ప కుప్పకూ చీటీ పెట్టారు.

"ఇదంతా సరే, ఆ బట్టన్నా నాకియ్యి. పని సగంలో ఉండాది," అని దొరసానమ్మ బతిమాలింది. ఆమె ఎవరినీ బతిమాలే మనిషి కాదు.

ఉదయభాస్కర్ బట్ట ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాడు. "అమ్మా, ఈ అసంపూర్ణతలోనే ఒక మహత్తర పరిపూర్ణత ఉంది. రంగుకై తపించే ఆ శూన్యం ఉందే, అది భావితరాలతో మాట్లాడుతుంది."

"అది శూన్యం కాదురా, మా యమ్మ కోక!" అంది దొరసానమ్మ. ఆయనకప్పటికే జీపు ఎక్కే వేళయింది.

ఆమె ఊరుకోలేదు. కోడలు సుబ్బరత్నను పంపి పక్కింటి గేదెపాలు తెప్పించింది. బత్తెయ్య కాఫీకి పోయినప్పుడు బట్టను ముంచేద్దామని అత్తాకోడళ్ళ ఎత్తు. ముందు పాలు చిక్కగా ఉన్నాయో లేవోనని దొరసానమ్మ బిందెలో వేలు పెట్టి చూసింది. కాఫీకి పోతూ పోతూ వెనక్కి తిరిగిన బత్తెయ్య అది చూశాడు. వచ్చి బిందెకు చీటీ కట్టాడు.

"ఇది పక్కింటోళ్ళ బిందెరా!"

"మీ చెయ్యి తగిలింది గదవ్వా. నాకు చెప్పిండేది అంతే. మీరు దేన్ని తాకితే దానికి కట్టమన్నారు." బత్తెయ్య చెడ్డవాడు కాదు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తే ఉద్యోగం పర్మనెంటు అవుతుందని ఎవరో నమ్మబలికారు. అతను నమ్మాడు.

పక్కింటావిడ బిందె కోసం వచ్చి వీధంతా వినబడేలా శాపనార్థాలు పెట్టి పోయింది. కాటమ్మ బట్ట వంక చూస్తే దొరసానమ్మకు ఏడుపొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ముక్కు చీది, బత్తెయ్య వైపు తిరిగింది.

"అంటే నేను దేన్ని తాకినా కడతావా?"

"కడతానవ్వా."

"ఏదైనా?"

"మీరు తాకాలే గానీ."

"సుబ్బరత్నా, నా మంచి చీర తియ్యిమే. మండలి ఆఫీసుకు పోయొద్దాం," అంది దొరసానమ్మ. ఏడుపు ఎక్కడికి పోయిందో ఏమో, ఆమె మొహంలో కరణంగారి తల గీసిన నాటి కళ వచ్చింది.

టౌనులో మండలి ఆఫీసు మూడంతస్తుల మేడ. గేటు దగ్గర కాళ్ళు నొప్పులని దొరసానమ్మ గేటు పట్టుకుని కాసేపు నిలబడింది. బత్తెయ్య గేటుకు చీటీ కట్టాడు. తెరిచి ఉన్న గేటు ఇక మూయడానికి లేదు. లోపల ఉదయభాస్కర్ కారు ఉంది. "ఎంత బాగుందిరా నాయనా" అని ఆమె దాని వీపు నిమిరింది. మెట్ల పక్క గోడను తడుముకుంటూ పైకెక్కింది. ఆఫీసులో గుమాస్తాలు గొప్ప కళాకారిణి వచ్చిందని లేచి నమస్కారాలు పెట్టారు. ఆమె అందరినీ పేరుపేరునా పలకరించి వాళ్ళ బల్లలూ కుర్చీలూ ముద్దు చేసింది. కంప్యూటర్ల బుగ్గలు పుణికింది. బీరువాలను ఆశీర్వదించింది. వెనకే బత్తెయ్య చీటీలు కడుతూ వచ్చాడు. చీటీలు అయిపోతే స్టోరుకు పోయి కొత్త కట్ట తెచ్చుకున్నాడు, దొరసానమ్మ స్టోరు తలుపు కూడా తాకింది.

ఉదయభాస్కర్ బాత్రూములోంచి వచ్చేసరికి ఆమె ఆయన కుర్చీలో కూర్చుని ఉంది.

"అమ్మా, ఇది... ఇది నా ఆసనం."

"ఇంక నీది కాదులే నాయనా. నేను తాకినాను గదా." ఆమె లేచి కుర్చీ మర్యాదగా ఆయనవైపు జరపబోయింది. "కదిల్చకూడదవ్వా!" అని బత్తెయ్య అడ్డంపడి చీటీ కట్టాడు.

ఆ తర్వాత మండలి పని నిలబడి జరిగింది. వరండాలో, నిలబడి, ఎవరి పెన్ను వాళ్ళు ఇంటినుంచి తెచ్చుకుని జరిగింది. ఉదయభాస్కర్ ఆటోలో ఆఫీసుకు రాసాగాడు. పని మునుపటి కంటే చురుగ్గా సాగుతోందని జనం అనుకున్నారట గానీ మండలి దాన్ని ఖండించింది. ఆ బట్ట ఒక్కటీ, ఆ గేదె ఒక్కటీ వదిలిపెడితే మళ్ళీ మీ గడప తొక్కనని దొరసానమ్మ కబురు పెట్టింది. "ఒక మినహాయింపు ఇచ్చినచో నిబంధన యొక్క ఆత్మ క్షోభిస్తుంది" అని జవాబొచ్చింది. ఆత్మ సంగతి ఆమెకు తెలియదు. దూడ తాగినా పొదుగు ఖాళీ కాక పెరట్లో గేదె అరిచే అరుపు మాత్రం తెలుసు.

ఇంతలో దొరసానమ్మ స్మారక మందిరానికి ప్రారంభోత్సవం పెట్టారు. మంత్రిగారు వచ్చారు. ఆ పథకం ఆయన మానసపుత్రిక. వేదిక మీద ఆమెను దేనికీ అందనంత దూరంలో ఒంటరి కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకొమ్మని ఉదయభాస్కర్ చెవిలో వేడుకున్నాడు. ఆమె బుద్ధిగా పెట్టుకుంది. మంత్రిగారు ఎదుటి కెమెరాలను చూసి పొంగిపోయారు. గబగబా వచ్చి ఆమె పాదాల మీద వంగి, "ఆశీర్వదించు తల్లీ!" అన్నారు.

"వద్దు సార్!" అని ఉదయభాస్కర్ అరిచేలోగా దొరసానమ్మ రెండు చేతులూ మంత్రిగారి తల మీద పెట్టి, "నిండు నూరేళ్ళూ ఉన్నచోటనే చల్లగా ఉండు నాయనా" అని దీవించింది.

సభ చప్పట్లు కొట్టింది. బత్తెయ్య వేదిక ఎక్కాడు. పర్మనెంటు ఉద్యోగం కళ్ళ ముందు మెదులుతుండగా, మంత్రిగారి కండువాకు చీటీ కట్టాడు.

మొదట అందరూ నవ్వారు. మంత్రిగారు కూడా నవ్వారు. మెట్లు దిగబోతుంటే బత్తెయ్య చేతులు అడ్డం చాపాడు. "కదలకూడదు సార్. తవరే సంతకం పెట్టిన రూలు." విలేకరులు ముందుకు తోసుకొచ్చారు. మంత్రిగారు రూలు దాటితే రేపటి పేపర్లో ఏమొస్తుందో ఆయనకు తెలుసు. దాటకపోతే భోజనం ఎక్కడో తెలియదు. న్యాయసలహా వచ్చేదాకా వేదిక మీదే ఒంటికాలు మార్చి ఒంటికాలు మీద నిలబడ్డారు. షామియానావాడు వచ్చి బాడుగ అయిపోయిందన్నాడు. పై నీడ తీసుకుపోయాడు.

మర్నాడే మండలి అత్యవసర సమావేశం జరిగింది. నిబంధన రద్దు చేద్దామని ఎవరో అనబోయారు. కుదరదు, ఆ నిబంధనకు ఉత్తమ పరిపాలనా పురస్కారం వచ్చింది. నిబంధన మార్చలేనప్పుడు మనిషిని మార్చడమే మార్గమని తేలింది. ఎటువంటి పరిస్థితిలోనూ దేన్నీ తాకలేని వారసత్వమూర్తి కావాలి. బాగా ఆలోచించి, దొరసానమ్మ భర్త, కీర్తిశేషుడు నాగభూషణాన్ని ఎంపిక చేశారు.

ఈ సంగతి చెప్పడానికి ఉదయభాస్కర్ ఇంటికి వచ్చాడు. ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని, ఆమెకు దూరంగా నిలబడ్డాడు.

"తాజా పరిశోధనలో వెల్లడైనదేమనగా, ఈ కళారీతికి ఆద్యులు మీ శ్రీవారు. తమరు వారికి సహకరించారు."

"ఆయన బస్టాండు కాడ టీ కొట్టు పెట్టుకున్నోడు గదయ్యా!"

"అది వారి సాధనా దశ. వారు ఎప్పుడైనా కలం పట్టారా అమ్మా? జ్ఞాపకం చేసుకోండి. ఒక్కసారైనా చాలు."

దొరసానమ్మ ఆలోచించింది. "చెవిలో గులిమి తీసుకోను ఒకసారి పట్టినాడు."

"పట్టారు," అని ఉదయభాస్కర్ తృప్తిగా రాసుకున్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే లోపలెక్కడో కలుక్కుమంది. తండ్రి చేత తన్నులు తిని సంపాదించుకున్న పేరు అది. ఊరంతా ఈసడించినా దించని కలం అది. నాగభూషణం మంచివాడే, పనికి ఏనాడూ అడ్డు రాలేదు, కానీ ఆమె గీసిన బట్టతో కొట్లో బల్ల తుడిచిన మనిషి. ఇప్పుడు ఆ మనిషికి దండ వేస్తారు. పుస్తకాల్లో పిల్లలు ఆయన్నే చదువుకుంటారు. 

"నా పేరు తీసేస్తే, నా బట్ట, నా ఎనుము నాకొచ్చేస్తాయా?" అని అడిగింది చివరికి.

"తక్షణమే. మీరిక సాధారణ వ్యక్తి."

"అత్తా, ఒప్పుకోవద్దు!" అని సుబ్బరత్న లోపల్నుంచి కేకేసింది. "పేరు పోతే ఏం మిగులుతాది నీకు?"

దొరసానమ్మ దండెం మీది బట్ట వంక చూసింది. ఏట్లో వంగి నిలబడిన కాటమ్మ ఇంకా రంగులేని చీరలోనే ఉంది. "మా యమ్మకు ఉన్నిందా పేరు? బతకలేదా?" అంది. తర్వాత ఉదయభాస్కర్‌తో, "తీసుకుపోండి నాయనా. ఆయనకే కట్టుకోండి," అంది.

చీటీలు విప్పారు. గేదెను పిండితే బిందె నిండింది, దూడ ఒక్కటే అలిగింది. అత్తాకోడళ్ళు బట్టను పాలల్లో ముంచి, పిండి, ఏటి ఇసకలో ఆరేశారు. పసుపు పడింది. నీలం పడింది. రంగు ఎక్కడిదక్కడ గీత లోపల కుదురుకుంది. బొమ్మ కింద రాతకు వదిలిన పట్టీ ఒకటి ఖాళీగా ఉంది. ఆ పట్టీకి నలుపు అంటుకోవడానికి మళ్ళీ కరక్కాయ పాలు పట్టించి, దొరసానమ్మ ఏటి ఒడ్డునే చాప వేసుకు కూర్చుంది. బట్టకు కళ్ళు ఆనించినంత దగ్గరగా వంగి, కసిమిలో ముంచిన కలంతో అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చారు ఉదయభాస్కర్, బత్తెయ్య. కొత్త వారసత్వమూర్తి తాకిన వస్తువుల కోసం వచ్చారు. టీ కొట్టు బల్ల, సైకిలు, ఒక తువ్వాలు, చెవి తీసుకున్న కలం, అన్నిటికీ చీటీ అయింది. తిరిగి పోదామని అధికారి ఆమెకు దూరం నుంచే నమస్కారం పెట్టాడు. బత్తెయ్య మాత్రం కదల్లేదు.

"సార్, మరి అవ్వ?"

"అవ్వకేమి? సాధారణ వ్యక్తి."

"కాదు సార్. మూర్తి తాకిన ప్రతిదానికీ కట్టమన్నారు గదా. అవ్వను ఆయన..." బత్తెయ్య సిగ్గుపడి ఆగిపోయాడు.

ఉదయభాస్కర్‌కు చెమటలు పట్టాయి. నిబంధన ఆయనకు కంఠతా వచ్చు. గొంతు సవరించుకుని ఏటి వైపు చూస్తూ అడిగాడు. "అమ్మా, అన్యథా భావించవద్దు. కీర్తిశేషులు మిమ్మల్ని... ఎప్పుడైనా... స్పృశించి ఉన్నారా?"

దొరసానమ్మ తలెత్తింది. "నలుగురు బిడ్డల్ని కన్నాను నాయనా. ఉత్తరాలు రాసుకుని కన్నామనుకుంటివా?"

సుబ్బరత్న కొంగు నోట్లో కుక్కుకుంది.  అధికారి బత్తెయ్యకు తల ఊపాడు. "అయితే ఈ క్షణం నుంచి మీరు కదలరాదు, మారరాదు," అన్నాడు నీరసంగా.

"కదలను లే," అంది దొరసానమ్మ ఎడమ చెయ్యి చాపుతూ. "దీనికి కట్టుకో. కుడి చేతికి పనుండాది."

బత్తెయ్య చీటీ ముడి వేస్తుండగా ఆమె కలం కసిమిలో ముంచింది. కాటమ్మ అని రాసింది.